‘మూడొందల మంది పడతారు’: కమ్యూనిటీ హాలులో కార్యక్రమం వెనకున్న అసలు లెక్కలు

కర్నూలు, కడప, అనంతపురం మూడు ఊళ్ళలోనూ పరిస్థితి ఒకటే. ఫంక్షన్ హాలు అద్దె చిన్న సంఘాలకు అందేది కాదు. అందుకే కాలనీ సంక్షేమ సంఘాలు, సాహిత్య సంస్థలు, కంటి వైద్య శిబిరాలు పెట్టేవాళ్ళు వార్డులో ఉన్న కమ్యూనిటీ హాలు తలుపే తడతారు. అక్కడ మొదట వినిపించే మాట: “మూడొందల మంది హాయిగా పడతారు సార్.” ఆ మాట మీదే కరపత్రాలు అచ్చవుతాయి, టిఫిన్‌కు పురమాయిస్తారు, కుర్చీలు దిగుతాయి. ఆ రోజు వచ్చేసరికి నూట ముప్పై మంది కూర్చుంటారు, మిగతావాళ్ళు వరండాలో నిలబడి పది నిమిషాలు చూసి వెళ్ళిపోతారు.

హాలు చూపించినవాళ్ళు అబద్ధం చెప్పలేదు. ఆ మూడొందలు మనం అడగని ఇంకో ప్రశ్నకు జవాబు, అంతే. హాలు కార్యక్రమాల్లో గందరగోళం చాలావరకు ఇలా పుట్టిందే. అనుమతి అంటే ఏ అనుమతి, జనం అంటే ఏ వేళకు ఎంత జనం, కరెంటు ఉంది అంటే ఎన్ని ఆంపియర్లు అని విడదీసి చూడకపోవడం వల్లనే చిక్కు.

హాలు ఎవరిది అన్నదాన్ని బట్టి మారేవి

బయటికి అన్నీ ఒకే రకం భవనాల్లా కనిపిస్తాయి. కొన్ని నగరపాలక సంస్థవి, పురపాలక సంఘానివి, పంచాయతీవి. వీటిలో ఎంపీ, ఎమ్మెల్యే నిధులతో కట్టినవి చాలా ఉంటాయి. కొన్ని గుడికో ట్రస్టుకో చెందిన కల్యాణ మండపాలు. ఇంకొన్ని కాలనీ సంఘాలు, కుల సంఘాలు చందాలతో కట్టుకున్నవి. తాళం మాత్రం మూడింట్లోనూ వాచ్‌మన్ దగ్గరే ఉంటుంది కాబట్టి తేడా కనబడదు.

తేడా తెలిసేది ఒకే తేదీని ఇద్దరికి ఇచ్చినప్పుడు. పెద్దమనిషి ఒకరు నోటిమాటగా సరే అంటారు. ఆఫీసులో మాత్రం అదే తేదీకి పెళ్ళివాళ్ళు డబ్బు కట్టి రసీదు తీసుకుని ఉంటారు. అలాంటప్పుడు రసీదు ఉన్నవాళ్ళదే హాలు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం లాంటి పెళ్ళి నెలల్లో ఈ ఇబ్బంది ఎక్కువ. ఆషాఢం, భాద్రపదం, పుష్యం వచ్చాయంటే హాళ్ళు ఖాళీగానే ఉంటాయి, అద్దె దగ్గరా కాస్త పట్టువిడుపు ఉంటుంది. సభకు ముహూర్తంతో పని లేదు కదా. తేదీ మన చేతుల్లో ఉన్న కార్యక్రమానికి ఈ నెలల కంటే మంచి అదను ఉండదు.

అద్దె మీద పన్ను కూడా హాలు ఎవరిదన్న దాన్నిబట్టే ఉంటుంది. ఆదాయపు పన్ను చట్టం కింద ధార్మిక సంస్థగా నమోదైన ట్రస్టు తన గుడి ఆవరణలోని కమ్యూనిటీ హాలును, కల్యాణ మండపాన్ని రోజుకు 10,000 రూపాయల లోపు అద్దెకు ఇస్తే జీఎస్టీ ఉండదు. ఆ మొత్తాన్ని చేరినా దాటినా మినహాయింపు పోతుంది. జీఎస్టీ నమోదు ఉన్న ప్రైవేటు ఫంక్షన్ హాలయితే అద్దె మీద 18 శాతం పడుతుంది. అద్దె మాట్లాడుకునేటప్పుడు “పన్నుతో కలిపా, పన్ను కాకా” అన్న ఒక్క ముక్క తేలకపోతే బిల్లు వేళకు మాటలు పెరుగుతాయి.

మూడొందలు నూట ముప్పై అయ్యే దారి

60 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు ఉన్న హాలును తీసుకుందాం. మొత్తం 1,800 చదరపు అడుగులు. మనిషికి ఆరు చదరపు అడుగుల చొప్పున భాగిస్తే మూడొందలు వస్తుంది. వాచ్‌మన్ చెప్పే అంకె ఇదే. ఇందులో వేదిక లేదు, నడవడానికి దారి లేదు, తలుపు దగ్గర చెప్పులు లేవు, మంచినీళ్ళ బల్ల లేదు.

ఇప్పుడు అవన్నీ పెడదాం. వేదిక లోతు 12 అడుగులు పోతే 48 మిగులుతుంది. వేదిక ముందు 6 అడుగులు, వెనక తలుపు వైపు 8 అడుగులు వదిలితే కుర్చీలకు దక్కేది 34 అడుగులు. వరుసకు 3 అడుగులు ఉంటేనే కూర్చున్నవాళ్ళ మోకాళ్ళు తగలకుండా మనిషి దాటగలడు. అంటే 11 వరుసలు. ఇక వెడల్పులో మధ్య దారికి 4 అడుగులు, రెండు గోడల వెంబడి రెండేసి అడుగులు తీసేస్తే 22 మిగులుతుంది, ఒక్కో వైపు 11. చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ దాదాపు 22 అంగుళాలు ఆక్రమిస్తుంది. వైపుకు 6, వరుసకు 12 కుర్చీలు. పదకొండు పన్నెండ్లు 132.

గోడల పక్క దారులు మూసేసి, వరుసల మధ్య రెండున్నర అడుగులే ఉంచి 180 దాకా ఇరికించేవాళ్ళున్నారు. వాళ్ళ వాదన కొట్టిపారేసేది కాదు: నిండుగా ఉన్న హాలులో మాట్లాడేవాళ్ళకు ఉత్సాహం వస్తుంది, వచ్చినవాళ్ళు నిలబడాల్సిన అవస్థ ఉండదు. కానీ కరెంటు పోయి చీకటి పడినా, ఎక్కడైనా పొగ లేచినా ఆ 180 మంది ఒకే తలుపు వైపు పరుగెత్తాలి. పక్క తలుపుకు ఎక్కువ కుర్చీలు అడ్డం పెట్టి, బయట తాళం వేసి ఉంచే హాళ్ళు మన ఊళ్ళలో తక్కువేం కాదు. కుర్చీల సంఖ్య తేల్చే ముందు తెరుచుకునే తలుపులు ఎన్నో లెక్కపెట్టడం న్యాయం.

కింద కూర్చుని బంతి భోజనమైతే లెక్క ఇంకా తగ్గుతుంది. వడ్డించేవాళ్ళు తిరగాలి కాబట్టి మనిషికి 15 చదరపు అడుగుల దాకా కావాలి. ఇదే హాలులో ఒక బంతికి 80, 90 మంది.

వచ్చేవాళ్ళు వేరు, ఒకే వేళకు ఉండేవాళ్ళు వేరు

సాయంత్రం సభకు 130 మంది వస్తే 130 మందీ ఒకేసారి ఉంటారు. ఉదయం కంటి శిబిరానికి 240 మంది వస్తే అలా ఉండరు. వస్తూ పోతూ ఉంటారు. ఈ రెంటికీ లెక్క వేరు.

శిబిరం 9 నుంచి 1 దాకా నాలుగు గంటలు అనుకుందాం. గంటకు 60 మంది చొప్పున సమంగా వచ్చి, పేరు రాయించుకోవడం నుంచి మందు చీటీ దాకా ఒక్కొక్కరికి 70 నిమిషాలు పడితే, ఏ క్షణంలో చూసినా లోపల ఉండేది 70 మంది. గంటకు వచ్చేవాళ్ళను, ఒక్కరు ఉండే గంటలతో హెచ్చిస్తే వచ్చే అంకె ఇది. హాయిగా సరిపోతుంది.

కానీ జనం అలా సమంగా రారు. ఎండకు జడిసి సగం మంది తొమ్మిదిన్నరకే వాకిట్లో ఉంటారు. మొదటి గంటలో 120 మంది వచ్చి, 30 మంది పని మాత్రమే ముగిస్తే, పది గంటలకు లోపల 90 మంది రోగులు. చూపు తగ్గిన పెద్దవాళ్ళు ఒంటరిగా రాలేరు, కొడుకో కోడలో మనవడో వెంట ఉంటారు. కాబట్టి 150 మందికి పైనే. మొత్తం సంఖ్య పెరగకపోయినా పది గంటలకు హాలు కిటకిటలాడేది ఇందుకే.

ఇరుకు ఎక్కడో కనిపెట్టడం కూడా భాగహారమే. డాక్టరు ఒక్కొక్కరికి 3 నిమిషాలు తీసుకుంటే గంటకు 20 మంది. నాలుగు గంటల్లో ముగ్గురు డాక్టర్లు 240 మందిని చూడగలరు. ఇద్దరే వస్తే 160. పేర్లు రాసే బల్ల దగ్గర పది మంది వాలంటీర్లను కూర్చోబెట్టినా ఒంటిగంటకు 80 మంది మిగిలిపోతారు. పొద్దున్నుంచి ఆకలితో కూర్చున్న ముసలాయనకు “రేపు ఆస్పత్రికి రండి” అని చెప్పాల్సి వస్తే, అది ముందురోజు వెయ్యని లెక్కకు పడిన శిక్ష.

గంటకు 60 టోకెన్లు ఇచ్చి వేళ రాసి పంపితే రద్దీ ఉండదని కొందరంటారు. వార్డులోనే ఉండేవాళ్ళకు ఇది నిజంగా పనిచేస్తుంది. కర్నూలు శిబిరానికి చుట్టుపక్కల కోడుమూరు నుంచో గూడూరు నుంచో ఓర్వకల్లు నుంచో పొద్దున బస్సుకు వచ్చినవాళ్ళకు మాత్రం 12 గంటల టోకెను ఇస్తే వాళ్ళు ఎక్కడికి పోతారు? హాలు ముందే కూర్చుంటారు. అందుకే రెండు వరుసలు నడిపేవాళ్ళున్నారు: ఊరివాళ్ళకు వేళ టోకెను, బయటి ఊళ్ళవాళ్ళకు వచ్చిన క్రమం. దీనివల్ల బల్ల దగ్గర వాదులాట కొంత పెరుగుతుంది, ఎండలో నిరీక్షణ బాగా తగ్గుతుంది. ఆ బేరం మంచిదే.

అక్షరాల పటానికి ఇరవై అడుగులు

కంటి శిబిరాల్లో ఎవరి కంటా పడకుండా జరిగే పొరపాటు ఒకటుంది. చూపు పరీక్షకు గోడకు తగిలించే అక్షరాల పటం 6 మీటర్ల దూరానికి తయారైనది. అంటే దాదాపు 20 అడుగులు. చోటు చాలక 15 అడుగుల దగ్గర కుర్చీ వేస్తే పటం దగ్గరైపోతుంది, అక్షరం పెద్దదిగా కనిపిస్తుంది. నిజానికి 6/12 చూపు (మామూలు కన్ను 12 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని 6 మీటర్ల నుంచి మాత్రమే చదవగల చూపు) ఉన్న మనిషి ఆ దూరంలో 6/9 వరుసను చదివేస్తాడు. కాగితం మీద చూపు మెరుగ్గా నమోదవుతుంది, అవసరమైన అద్దాలు అందకుండా పోతాయి. ఎవరూ తప్పు చేసినట్టు కనబడదు.

20 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పున్న రెండు బాటలు, వాటిని ఎవరూ అడ్డంగా దాటకుండా ఒక తాడు, పటం మీద సమంగా వెలుతురు. పటం పక్కనే కిటికీ ఉంటే ఎదురు వెలుగుకు కళ్ళు చెదురుతాయి కాబట్టి గుడ్డ కట్టాలి. చోటు లేనే లేకపోతే 3 మీటర్ల దూరంలో అద్దం పెట్టి, తిరగరాసిన అక్షరాల పటం వాడతారు.

ఈ బాటలు, డాక్టర్ల బల్లలు పోగా మన 132 కుర్చీల హాలులో మిగిలేది 60, 70 కుర్చీలకే. పది గంటల రద్దీకి 150 మంది. కాబట్టి ఆ తక్కువ పడేదంతా బయట షామియానా కింద ఉండాలి. షామియానా ఆడంబరానికి కాదు, ఇందుకు.

కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేస్తే పనిచేయడానికి 20, 30 నిమిషాలు పడుతుంది. మసక మాత్రం కొన్ని గంటలు ఉంటుంది. ఎవరికి వేయాలో, ఎవరికి వేయకూడదో డాక్టరు తేలుస్తారు. కార్యక్రమం చూసుకునేవాళ్ళు చూడాల్సింది ఆ తరువాతది: పాప పెద్దదైన కన్నుతో మే నెల ఒంటిగంట ఎండలోకి ఒక్కరే అడుగుపెట్టకూడదు, బండి నడపకూడదు. వెంట మనిషి ఉన్నారా అన్నది పేరు రాసే కాగితంలోనే ఒక గడిగా ఉంటే ఈ సంగతి మరుగునపడదు.

నీళ్ళ లెక్క కూడా ఇక్కడే. రోగులు, వెంట వచ్చినవాళ్ళు కలిపి 350 మంది అనుకుంటే, ఎండాకాలంలో తాగడానికి మనిషికి ముప్పావు లీటరు చొప్పున 262 లీటర్లు. 20 లీటర్ల క్యాన్లు 14. మరుగుదొడ్లకు మనిషికి 3 లీటర్లు వేసుకున్నా 1,050 లీటర్లు. మేడ మీది వెయ్యి లీటర్ల ట్యాంకు మధ్యాహ్నం లోపే అడుగంటుతుంది. రోజు విడిచి రోజు కుళాయి వచ్చే వార్డుల్లో ముందురోజు సాయంత్రమే ట్యాంకు నింపి పెట్టుకోకపోతే ఆ తరువాత చేయగలిగింది లేదు.

మైకు అనుమతి ఉన్నా శబ్దానికి హద్దు ఉంటుంది

శబ్ద కాలుష్య నియమాలు 2000 నుంచి ఉన్నాయి. వాటి ప్రకారం లౌడ్‌స్పీకర్‌కు రాతపూర్వక అనుమతి కావాలి. మన దగ్గర దీనికి పోలీస్ స్టేషన్‌లో అర్జీ పెడతారు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్ వాడకూడదు. అయితే మూసి ఉన్న ఆవరణలో, లోపలివాళ్ళు వినడానికి వాడే సందర్భాన్ని మినహాయించారు. ఆ మినహాయింపులో కమ్యూనిటీ హాలు పేరు స్పష్టంగా ఉంది.

తగాదా వచ్చేది ఇక్కడే. “నియమంలోనే కమ్యూనిటీ హాలు అని ఉంది కదా” అని నిర్వాహకులు పదిన్నరకు కూడా మైకు ఆపరు. “కిటికీలన్నీ తెరిచి పెట్టి మూసిన ఆవరణ అంటారేమిటి” అని పక్కింటివాళ్ళు అడుగుతారు. ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది. నియమం హాలును మినహాయించింది, కానీ లోపలి మాట లోపలే ఉండాలన్న షరతుతో. కర్నూలు వేసవిలో కిటికీలు మూసి సభ జరపడం సాధ్యం కాదు కాబట్టి, ఆచరణలో 10 దాటితే ఆ మినహాయింపు పెద్దగా ఆదుకోదు.

10 లోపు కూడా శబ్దానికి పరిమితి ఉంది. నివాస ప్రాంతానికి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. బహిరంగ స్థలంలో మైకు వాడుతుంటే దాని సరిహద్దు దగ్గర ఈ పరిమితి మీద పది డెసిబెల్స్ కంటే ఎక్కువ ఉండకూడదు, లేదా 75 దాటకూడదు, రెంటిలో ఏది తక్కువైతే అది. నివాస ప్రాంతంలో పగటి వేళ అది 65. ఎదురెదురుగా మామూలుగా మాట్లాడుకునే మాట దాదాపు 60 ఉంటుందని గుర్తుంచుకుంటే, గేటు దగ్గర 65 అంటే ఎంత తక్కువో తెలుస్తుంది. ఆస్పత్రికి, బడికి, కోర్టుకు 100 మీటర్ల లోపలి చోటు నిశ్శబ్ద మండలం కావచ్చు. అక్కడ పగలు 50, రాత్రి 40. వార్డు హాళ్ళు చాలా చోట్ల మున్సిపల్ బడి పక్కనే ఉంటాయి కాబట్టి ఇది చూసుకోవలసిన విషయం.

శబ్దం పెంచితే బాగా వినిపిస్తుందన్నది ఇంకో భ్రమ. సిమెంటు గోడలు, టైల్స్ నేల, ఎత్తయిన స్లాబు ఉన్న హాలులో మాట గోడకు తగిలి తిరిగొచ్చి తరువాతి మాట మీద పడుతుంది. పెంచేకొద్దీ ఆ తిరుగుమాటా పెరుగుతుంది. వెనక గోడకు, పక్క గోడలకు షామియానా గుడ్డ వేలాడదీసి, ముందు రెండు స్పీకర్ల శబ్దం తగ్గించి, హాలు మధ్యలో ఇంకో రెండు చిన్నవి పెడితే చివరి వరుసకు మాట స్పష్టంగా అందుతుంది. మైకు “కూయ్” మని కూసేది స్పీకరు మాటను మైకు మళ్ళీ పట్టుకోవడం వల్ల. స్పీకర్లు మైకు కంటే ముందుకు, జనం వైపు తిరిగి ఉంటే ఆ కూత దాదాపు ఉండదు. వేదిక చిన్నదని స్పీకరును మాట్లాడేవాళ్ళ వెనక పెడితే ఆపరేటరు ఎంత నేర్పరైనా ఆపలేడు.

పిల్లల పాటలు, నాటికల మీద కాపీరైటు భయం కూడా వినిపిస్తుంటుంది. ఔత్సాహిక సంఘం డబ్బు తీసుకోని ప్రేక్షకుల ముందు ఇచ్చే ప్రదర్శనకు 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది. అదే కార్యక్రమానికి టికెట్టు పెడితే ఆ మినహాయింపును నమ్ముకోలేం.

కరెంటు ఉంది, కానీ ఏ ప్లగ్గులో?

75 వాట్ల ఫ్యాన్లు పది, 20 వాట్ల ట్యూబులు పదహారు, రెండు కూలర్లు 400, వేదిక లైట్లు 200, సౌండ్ సిస్టమ్ 1,200. అన్నీ కలిపి 2,870 వాట్లు. 230 వోల్టులతో భాగిస్తే పన్నెండున్నర ఆంపియర్లకు కాస్త తక్కువ. హాలు కనెక్షన్ దీన్ని మోయగలదు. ఇంతలో ఎవరో 2,000 వాట్ల టీ కెటిల్ తెచ్చి, సౌండ్ వాళ్ళు వాడుతున్న ఎక్స్‌టెన్షన్ బాక్సులోనే పెడతారు. ఆ బాక్సు ఉన్నది 6 ఆంపియర్ల ప్లగ్గులో. అది మోసేది 1,380 వాట్లే. ముఖ్య అతిథి మాట్లాడుతుండగా మైకు పోతుంది, జనం కరెంటు ఆఫీసును తిట్టుకుంటారు.

కెటిల్‌కు 16 ఆంపియర్ల ప్లగ్గు వేరే ఉండాలి. మూడు ఫేజులున్న హాలయితే సౌండ్ ఒక ఫేజు మీద, కెటిల్, కూలర్లు ఇంకోదాని మీద. ఎక్స్‌టెన్షన్ వైరు చుట్టకు చుట్టే ఉంచి వాడితే లోపలి వేడి బయటికి పోక తొడుగు కరుగుతుంది, పూర్తిగా విప్పి పరచాలి. జనరేటరు 5 కేవీఏ అంటే నికరంగా దక్కేది సుమారు 4 కిలోవాట్లు. మన సభకు సరిపోతుంది, కెటిల్ కలిస్తే చాలదు.

ఇక సెగ. వేసవిలో పగలంతా కాగిన స్లాబు సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా లోపలికి వేడి కక్కుతూనే ఉంటుంది. నాలుగు గంటలప్పుడు మేడ మీద నీళ్ళు చల్లితే కొంత ఉపశమనం. నీళ్ళకు కటకటగా ఉన్న వార్డుల్లో అది కూడా తేలికగా చేసే పని కాదు.

రెండు గంటల సభలో నాటికకు ఏడు నిమిషాలు

ఆరు నుంచి ఎనిమిది. వేదిక మీద ఎనిమిది మంది. పిలిచి కూర్చోబెట్టడానికి 8 నిమిషాలు, ప్రార్థన, జ్యోతి ప్రజ్వలన 10, శాలువా, దండ, జ్ఞాపిక, ఫోటో మనిషికి 3 చొప్పున 24, ప్రసంగం ఏడేసి నిమిషాలకు 56, అధ్యక్షుడి మాటలు 10, వందన సమర్పణ 5. మొత్తం 113 నిమిషాలు. నెల రోజులు సాధన చేసిన పిల్లల నాటికకు మిగిలేది 7.

అతిథుల సంఖ్య తగ్గించమనడం తేలిక. కానీ ఒకరు హాలు ఇప్పించారు, ఒకరు టిఫిన్ ఖర్చు పెట్టుకున్నారు, ఒకరు వస్తే వాళ్ళ వెంట ముప్పై మంది వస్తారు. చిన్న సంఘం మళ్ళీ ఏడాది ఇంకో కార్యక్రమం చెయ్యాలంటే ఆ మర్యాద అవసరమే. మరోవైపు, ఎనిమిదింటి బస్సు అందుకోవలసినవాళ్ళు ఏడున్నరకే లేస్తారు, పిల్లలు ఖాళీ కుర్చీల ముందు ఆడతారు. నాటికను ముందు పెట్టి, సన్మానాలన్నీ ఒకే విడతలో జరిపి, మాట్లాడేది ముగ్గురికే పరిమితం చేసే పద్ధతి రెండు వైపులా ఎక్కువ నష్టం లేకుండా నడుస్తోంది. అతిథులు నొచ్చుకునేది మాట్లాడే అవకాశం దక్కనందుకు కాదు, ఆ సంగతి వేదిక ఎక్కాక తెలిసినందుకు.

ఉగ్గాని, టీ, అట్ట అక్షరాలు

వాలంటీర్లతో కలిపి 150 ప్లేట్ల ఉగ్గానికి 7 కిలోల బొరుగులు. తడిపి పిండిన బొరుగులు ఆగవు. గంట ముందే తడిపి పెద్ద గిన్నెలో మూత పెడితే తన ఆవిరికి తానే ముద్దవుతుంది. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, టమోటా తిరువాత సిద్ధంగా ఉంచుకుని, బొరుగులు నీళ్ళలో ముంచి తీసి పిండి, రెండు మూడు విడతలుగా కలిపి, చివర పుట్నాల పొడి చల్లుతారు. ఉప్పు బొరుగుల్లోనే ఉంటుంది కాబట్టి చూసి వెయ్యాలి. టీ మనిషికి 100 మిల్లీలీటర్లు: పాలు 9 లీటర్లు, నీళ్ళు 7, చక్కెర కిలోన్నర, టీ పొడి 350 గ్రాములు. బజ్జీల బాండలి షామియానా గుడ్డ కింద పెట్టకూడదు. సిలిండరు 19 కిలోల వాణిజ్య సిలిండరే ఉండాలి, ఇంటి 14.2 కిలోలది ఇలాంటి చోట వాడటం నిబంధనలకు విరుద్ధం.

2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించిన ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సరుకుల్లో ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు ఉన్నాయని అందరికీ తెలుసు. అలంకరణకు వాడే థర్మాకోల్ కూడా అదే జాబితాలో ఉంది. వేదిక వెనక తెర మీద సంస్థ పేరు ఇంకా థర్మాకోల్ అక్షరాలతోనే అతికిస్తున్నారు. అట్టతో కోసి రంగు కాగితం అంటించినా, గుడ్డ మీద రాయించినా అంతే అందంగా ఉంటుంది, మరుసటి ఏడాదికీ పనికొస్తుంది.

డిపాజిట్ కోత పడేది కూడా ఎక్కువగా ఈ అలంకరణ దగ్గరే: గోడకు కొట్టిన మేకు, టేపుతో పాటు ఊడొచ్చిన సున్నం. పొద్దున తాళం తీసుకున్నప్పుడే గోడలు, కుళాయిలు, స్విచ్ బోర్డులు ఫోన్‌లో ఫోటో తీసి, కుర్చీలు లెక్కపెట్టి వాచ్‌మన్ చేత సంతకం చేయించుకున్న కాగితం ఉంటే, రాత్రి తాళం తిరిగిచ్చే వేళకు విరిగిన కుర్చీ ఎవరి ఖాతాలోదో అన్న మాట రాదు.